చెవిలో నీళ్ళు

పాపం గురించి వానాకాలం మొదలుకొని చెప్తూనే ఉన్నారు గాని, నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. మిషన్ తోటలోని దిగుడుబావి మెట్ల మీద, వరుసలో అందరికంటే చివర నిలబడిన హనుమమ్మకు ఇంకా నీళ్ళు అంటనే లేదు, రాయి చల్లదనం మాత్రం అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా ఎక్కింది. క్రిస్మస్ ఇంకా వారం ఉంది, పొద్దు పొడిచి ఎంతో సేపు కాలేదు, బావిలోకి ఎండ దిగలేదు. ఈ పనేదో ఎండాకాలంలో పెట్టుకుంటే దేవుడి సొమ్ము ఏం పోయేదో. ఆమెకు ముందు ఆడపిల్లలంతా తెల్లచీరల్లో, మెట్టుకు ఒకరు చొప్పున నిలబడ్డారు. అడుగున నడుము లోతు నీళ్ళలో పాస్టరయ్య ఉన్నాడు. ఒక పిల్లను పిలుస్తాడు, నమ్ముచున్నావా అని అడుగుతాడు, నమ్ముచున్నాను అంటుంది ఆ పిల్ల, వెల్లకిలా వంచి ముంచి లేపుతాడు, గట్టు మీద పాట లేస్తుంది, వరుస ఒక మెట్టు కిందికి దిగుతుంది. చూస్తుంటే ఎంత తేలిక పని. నీళ్ళలో చీరలు పైకి తేలకుండా హాస్టలు చూసుకునే నిర్మలమ్మగారు అందరికీ అంచుల దగ్గర పురికొస కట్టింది, నేల మీద మోకాళ్ళూని, ఒక్కొక్క ముడినీ పళ్ళతో బిగించి మరీ. ఇప్పుడు కదలాలంటే చిన్నచిన్న అడుగులే పడతాయి. తలెత్తితే గట్టు మీద అమ్మ కనిపిస్తోంది. సుక్కమ్మ మిగతా ఆడవాళ్ళకు కాస్త ఎడంగా, నల్లగొంగడి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బిడ్డ నీళ్ళలోంచి రాగానే కప్పాలని నిన్న ఊర్లోంచి నడిచి మోసుకొచ్చింది. అది నాయిన గొంగడి.

నమ్ముచున్నాను. ఒక్క మాట. రాత్రంతా ఆ మాటను నోట్లో వేసుకుని నమిలింది హనుమమ్మ, మింగుడు పడలేదు, ఉమ్మెయ్యడానికి ధైర్యమూ చాలలేదు. ఆ ఒక్క మాట అంటే వచ్చే జూన్‌లో పంతులమ్మ ట్రైనింగు. రెండేళ్ళు తిండీ బట్టా మిషన్‌వాళ్ళే చూస్తారు, ఆ తర్వాత ఏ ఊర్లోనో బడి, చేతిలో సుద్దముక్క, నెలనెలా జీతం, అమ్మ రోడ్డు పక్కన ఎండలో కూర్చుని కంకర కొట్టే పని మానెయ్యడం. ఆ మాట అనకపోతే ట్రైనింగు లేదు, ఎందుకంటే సంఘంలో చేరిన పిల్లలనే పంపుతారు. అది తప్పని కూడా అనలేము, వాళ్ళ అన్నం, వాళ్ళ పద్ధతి. కంకర సుత్తె మాత్రం ఇంట్లో సిద్ధంగానే ఉంది, ఇంకొకటి కొనడం ఎంత సేపు. నిన్న సాయంత్రం హాస్టలు వెనక గోడ దగ్గర అమ్మకు చెప్పి చూసింది. అమ్మా, నేను ఈళ్ళ దేవున్ని నమ్మలేదే, మన దేవున్నీ నమ్మలేదే, అసలు ఎవ్వడు లేడని నాకు ఎరుకైంది అని. సుక్కమ్మ చుట్టూ చూసి, ఎవరూ విననందుకు కాస్త కుదుటపడి, బొబ్బలెక్కిన అరచేతులు కొంగుకు తుడుచుకుంది. "లేకుంటే లేకపాయె బిడ్డా. ఉన్నడని చెప్తే నీ నోరేమన్న అరుగుతదా?" అంది. అంత పెద్ద సంగతిని అమ్మ అంత చిన్నగా ఎత్తి పక్కన పెట్టేసింది. దేవుడు లేడన్నందుకు కొడుతుందేమో అనుకుంది హనుమమ్మ. కొట్టినా బాగుండేది.

పాట ఆగింది. వరుస మెట్టు దిగింది. ఇక్కడ నాచు వాసన, తడిరాయి వాసన, దాని కింద ఇంకేదో వాసన, తడిసిన ఉన్ని లాంటిది. గొంగడి గట్టు మీద ఉంది కదా, ఇంత దూరం వస్తుందా వాసన? వస్తుంది. తడిసిన ఉన్ని వాసన ఎంత దూరమైనా వస్తుంది, ఎన్నేళ్ళయినా వస్తుంది. పొట్టేలు బొల్లిగాడి వీపు మీంచి వచ్చిన వాసన అది. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మరుసటేడు, ఊర్లో మందలన్నిటికీ రోగం తగిలి పొద్దున లేస్తే దొడ్లో నాలుగైదు గొర్లు కాళ్ళు చాచి కనిపిస్తున్న రోజుల్లో, నాయిన లచ్చయ్య బీరప్పకు పొట్టేలు మొక్కాడు. మొక్కుకున్న పొట్టేలును ఏడాది పాటు ఎవరూ అదిలించకూడదు, అది ఎవరి చేలో మేసినా తిట్టకూడదు. దాన్ని కాసింది తనే, తొమ్మిదేళ్ళ పిల్ల. నుదుటి మీద తెల్ల బొల్లి ఉండేది, పిలిస్తే వచ్చేది, పిలవకపోయినా వచ్చేది. పండుగ నాడు దాన్ని గుడిసె ముందుకు తెచ్చి, పసుపు పూసి, వీపు మీద చెంబెడు నీళ్ళు పోశారు. పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే ఒప్పుకోనట్టు, కొయ్యకూడదు. కురుమలకు అది ఆనవాయితీ, తాతల నాటిది, దాన్ని దాటి కత్తి ఎత్తినవాడు లేడు.

బొల్లిగాడు విదిలించలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది, ఇంకో చెంబు పోశారు, ఇంకో చెంబు పోశారు, డప్పులు కొట్టేవాళ్ళు చేతులు నొప్పెట్టి ఆగారు, అది కాళ్ళు గట్టిగా ఊని అందరినీ చూస్తూ నిలబడింది. నీళ్ళు దాని ఉన్నిలోంచి కారి మట్టి బురదైంది. నాయిన ముఖం నల్లబడింది, ఏం తప్పు చేసిన తండ్రీ అని నేల మీద పడి మొక్కాడు, అమ్మ కొంగు చాచి ఏడ్చింది. చిన్న హనుమమ్మ మాత్రం ఎవరికీ తెలియకుండా గుప్పిళ్ళు బిగించి, విదిలియ్యకు, విదిలియ్యకు అని పళ్ళ మధ్య అంటూనే ఉంది. తన మాట వింటోందని కూడా అనుకుంది. ఆమె జన్మలో చేసిన నిజమైన ప్రార్థన ఏదైనా ఉంటే అదే, అదీ దేవుడికి కాదు, పొట్టేలుకు. అప్పుడు కులపెద్ద బక్కయ్య లేచాడు, తొందరేమీ లేకుండా దొప్పలో నీళ్ళు తీసుకున్నాడు, పొట్టేలు మెడ నిమురుతున్నట్టు వంగి, దాని చెవిలో పోశాడు. అది తల విదిలించింది, తలతో పాటు మెడ, మెడతో పాటు ఒళ్ళంతా, తోక దాకా. ఒప్పుకున్నది! అని జనమంతా ఒక్కసారిగా అరిచారు, అందరికంటే పైన అమ్మ గొంతు వినిపించింది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. డప్పులు మళ్ళీ మోగాయి. బక్కయ్య చెయ్యి అందరూ చూశారు. ఎవరూ చూడలేదు. ఆ రాత్రి నాయినను అడిగింది, చెవుల నీళ్ళు వోస్తే ఎవలైనా ఇదిలిస్తరు గద నాయినా అని. ముద్ద పెడుతున్న చెయ్యే చెంప మీద పడింది. నాయిన ఆమెను కొట్టడం అదే మొదలు, అదే చివర. ఆ దెబ్బతో దేవుడు పోయాడు, చిత్రంగా నాయిన మీద కోపం రాలేదు. బక్కయ్య మీద కూడా రాలేదు. వచ్చిందల్లా బొల్లిగాడి మీద. అంత సేపు నిలబడ్డదానివి ఇంకొంచెం సేపు ఎందుకు నిలబడలేకపోయావు, ఎందుకు ఒప్పుకున్నావు అని. కూర తినలేదు. ఏళ్ళ తరబడి ఆ పొట్టేలును తలచుకున్నప్పుడల్లా జాలి రావాల్సిన చోట కోపమే వచ్చేది.

మంద మిగల్లేదు, అది వేరే చెప్పాలా. బీరప్ప ఒప్పుకున్నాడు గాని రోగం ఒప్పుకోలేదు. గొర్లు పోయిన కురుమవాడు ఏం చేస్తాడు, గొంగడి భుజాన వేసుకుని మేస్త్రీ వెంట కాలువ పనికి పోతాడు. పాలమూరు వాళ్ళంటే మట్టి మొయ్యడానికే పుట్టారని మేస్త్రీలకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఎవరూ పరీక్షలు పెట్టరు, మునకలు వెయ్యమనరు. రెండేళ్ళకు నాయిన దగ్గు పట్టుకుని తిరిగొచ్చాడు, మిషన్ దవాఖానలో మంచం దొరికింది. మంచం కింద చాప మీద అమ్మ, అమ్మ పక్కన తను. తెల్లబట్టల దొరసాని వచ్చి, సూది వేసి, కళ్ళు మూసుకుని ఏదో అనేది. నాయిన కూడా మర్యాదకు కళ్ళు మూసుకునేవాడు. ఒకరోజు మూసిన కళ్ళు తెరవలేదు. ఈ పిల్లను బడిలో వేస్తావా అని దొరసాని అడిగినప్పుడు అమ్మ ఆలోచించలేదు, పూటకింత అన్నం పెడతారా అని మాత్రం అడిగింది. అన్నం పెట్టారు, అబద్ధం ఎందుకు, ఎప్పుడూ తక్కువ చేయలేదు. అన్నానికి ముందు ప్రార్థన, తర్వాత ప్రార్థన. నాలుక్కి నేర్పితే ఏదైనా వస్తుంది. వాక్యాల పరీక్షలో ప్రతి ఏడూ ఆమెకే మొదటి బహుమతి. నమ్మేవాళ్ళు పరీక్ష నాడు కళ్ళు మూసుకుని సాయం అడిగేవారు, ఆమెకు అడగడానికి ఎవరూ లేరు గనక ముందు రాత్రే చదువుకునేది. హాల్లో గోడకు బొమ్మ ఉండేది, గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరి, శుభ్రమైన బట్టలు, ఒక్క గడ్డిపోచ అంటని గడ్డం. కాపరి గొర్లను ఎందుకు కాస్తాడు అని దొరసాని క్లాసులో అడిగింది. ఉన్నికి, ఎరువుకు, అమ్మకానికి, పండక్కి. అవన్నీ తెలిసిన హనుమమ్మ చెయ్యెత్తి, ప్రేమతో కాస్తాడు అంది. దొరసాని సంతోషంతో ఆమె తల నిమిరింది. అబద్ధం ఆడటం అంత తేలికగా వచ్చినదానికి ఈరోజేమిటి ఇంత కష్టం?

ఇంకో మెట్టు. నీళ్ళు వేళ్ళకు తగిలాయి, వేళ్ళు వాటంతటవే వెనక్కి ముడుచుకున్నాయి. పై నుంచి నిర్మలమ్మగారు చూస్తోంది, కళ్ళు కలిసినప్పుడు నవ్వింది. ఆ నవ్వే వద్దనిపిస్తుంది. చెడ్డమనిషి అయితే ఎంత బాగుండేది. మొదటి చలికాలం పేలు పట్టిన తలను ఎవరూ ముట్టకపోతే ఆవిడే ఒళ్ళో పెట్టుకుని దువ్వింది, తన దుప్పటి తీసి కప్పి తను కొంగు కప్పుకుని పడుకుంది. ఆవిడ ఊర్లో ఆవిడ చిన్నప్పుడు మాదిగవాడ ఆడపిల్ల పెద్దబజార్లో చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలి. అక్షరాలూ, కాళ్ళకు చెప్పులూ, పేరు చివర గారూ, మూడూ ఈ దేవుడే ఇచ్చాడు ఆవిడకు, ఆయన లేడని ఆవిడతో ఎలా అంటాం. రెండేళ్ళ క్రితం ఒకసారి ధైర్యం చేసి అడిగింది హనుమమ్మ, నమ్మకుండా చచ్చిపోయిన మా నాయిన యాడికి పోయిండమ్మా అని. ఇంకొకరైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవారు. నిర్మలమ్మగారు బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, "నేను అబద్ధమాడలేను బిడ్డా, నమ్మనోళ్ళు అగ్గిల పడతరు. మా అమ్మ గూడ గట్లనే పోయింది" అని, తనే ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆమెను పట్టుకుని ఓదార్చింది కూడా హనుమమ్మే. దగ్గి దగ్గి చచ్చిన మనిషిని మళ్ళీ అగ్గిలో వేసే దేవుడి మీద అప్పుడు పుట్టిన రోత ఇప్పటికీ అట్లాగే ఉంది. అటువంటివాడు ఉన్నాడని నమ్మడం కంటే లేడనుకోవడమే ఆయనకు మర్యాద.

చెప్పింది కదా, ఆవిడకు కూడా చెప్పింది. దాచలేదు. పోయిన ఆదివారం, చీరలు పంచుతున్నప్పుడు, నాకు నమ్మకం రాలేదమ్మా అంది. నిర్మలమ్మగారు ఉలిక్కిపడలేదు. "వస్తది. ముందుగాల నీళ్ళల్ల దిగు, అదే వస్తది" అంది చీర మడత విప్పుతూ. బక్కయ్యకు కూడా అదే నమ్మకం ఉండి ఉంటుంది. ముందు నీళ్ళు పొయ్యాలి.

కొత్త పేరు కూడా ఆవిడే ఎంచింది, దయామణి. మంచి పేరే. హనుమంతుడి మీద నమ్మకం లేని పిల్లకు హనుమమ్మ అన్న పేరు పోతే పోయే నష్టమేముంది అని తనకు తనే నచ్చచెప్పుకుంది గాని, ఆ పేరు పెట్టింది దేవుడు కాదు, నాయిన. మంద ఎంత దూరంలో ఉన్నా గట్టు మీద నిలబడి హనుమీ అని పిలిచేవాడు, గొర్లు కూడా తలెత్తేవి.

ఇప్పుడు ఆమెకు ముందు ఒక్కతే మిగిలింది, జానమ్మ. అయిదో క్లాసు నుంచి పక్కపక్క చాపలు. జానమ్మ నీళ్ళలోకి దిగుతూ వణకలేదు, పాస్టరయ్య అడిగే దాకా ఆగలేదు కూడా, ప్రశ్న సగంలో ఉండగానే నమ్ముచున్నాను అంది, బావి అంతా మోగింది. మునిగి లేచినప్పుడు ఆ ముఖం చూసింది హనుమమ్మ. జుట్టు చెంపలకు అతుక్కుని, ముక్కులోంచి నీళ్ళు కారుతూ, ఏం అందం లేదు ఆ ముఖంలో. కాని ఏదో దొరికినదాని ముఖం. ఎన్నాళ్ళో వెతికి ఇంట్లోనే చూరులో దొరికిన వస్తువును చూసుకున్నట్టు నవ్వుతోంది. దానికి దేవుడు నిజంగానే ఉన్నాడు. ఉన్నా లేకున్నా దానికి ఉన్నాడు. హనుమమ్మకు అసూయ పుట్టింది, సిగ్గు పుట్టింది, రెంటి వెనకా పళ్ళు బిగించుకున్న ఒక పట్టుదల పుట్టింది. ఆ ముఖం పక్కన నిలబడి, ఆ నీళ్ళలోనే, అదే మాట ఉత్త నోటితో అనడం కంటే కంకర కొట్టడం నయం. కొట్టొచ్చు. చేతులున్నాయి. అమ్మ పక్కనే కూర్చుని కొట్టొచ్చు, అమ్మ తిడుతుంది, కొన్నాళ్ళు తిట్టి ఊరుకుంటుంది. లేదయ్యా అంటే చాలు. నాలుగు అక్షరాలు కూడా లేని మాట. ఆ మాట దొరకగానే గుండె కుదుటపడింది, ఎన్నో రోజుల తర్వాత ఊపిరి నిండుగా ఆడింది. లేదయ్యా. అనుకుంటూనే చివరి మెట్టు దిగింది.

నీళ్ళు నడుమును పట్టుకున్నాయి. ఊపిరి ఎక్కడో పైనే ఆగిపోయింది. అడుగున బురద చల్లగా వేళ్ళ మధ్యకు వచ్చింది, పురికొస కట్టిన చీర కాళ్ళను దగ్గరికి లాగింది. పాస్టరయ్య పెదవులు నీలంగా ఉన్నాయి, పాపం పొద్దుటి నుంచి ఆ నీళ్ళలోనే ఉన్నాడు, కళ్ళలో మాత్రం దయే ఉంది. వరుసలో ఆఖరు పిల్ల గదా అన్న ఊరట కూడా ఉంది. ఒక చెయ్యి ఆమె వీపు వెనక పెట్టాడు. "హనుమమ్మా, ప్రభువును నీ సొంత రక్షకునిగా నమ్ముచున్నావా?" అని అడిగాడు.

నోరు తెరవబోయింది. దవడ కదల్లేదు. లేదయ్యా అన్న మాట నాలుక మీదే ఉంది, పళ్ళు ఒకదానికొకటి కొట్టుకోకుండా బిగబట్టడానికే ఉన్న బలమంతా పోతోంది. ఒళ్ళంతా బిగించింది, కదిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, ఈ బావిలో ఆమెకూ అమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. కాళ్ళు ఊని, గుప్పిళ్ళు బిగించి నిలబడింది. పాస్టరయ్య మళ్ళీ అడిగాడు. గట్టు మీద ఎవరో దగ్గారు. పాట మొదలెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు, అమ్మ లేచి నిలబడింది, గొంగడి గుండెకు హత్తుకుని. విదిలియ్యకు, విదిలియ్యకు. ఎవరు అంటున్నారో, తొమ్మిదేళ్ళ గొంతు. భయపడింది పిల్ల అనుకున్నాడు పాస్టరయ్య. ధైర్యము తెచ్చుకో తల్లీ అని, దోసిలిలో నీళ్ళు తీసి, బిడ్డ తల నిమిరినంత మెల్లగా ఆమె నెత్తి మీద పోశాడు. నీళ్ళు పాపిట మీంచి చెంప మీదికి, చెంప మీంచి చెవిలోకి జారాయి.

తల దానంతటదే విదిలించుకుంది. తలతో పాటు మెడ, మెడతో పాటు భుజాలు, కాలి వేళ్ళ దాకా ఒళ్ళంతా.

"ఒప్పుకున్నది" అంది పై నుంచి సుక్కమ్మ. అరవలేదు, మెల్లగానే అంది, కాని బావిలో మాట ఎటూ పోదు. తల ఊపింది గదా అని పాస్టరయ్య ఆమెన్ అన్నాడు, ఆకాశం వెనక్కి పడిపోయింది, ముక్కులో నోట్లో నీళ్ళు, పచ్చటి చీకటి, ఆ చీకట్లో నుదుటి మీద తెల్లబొల్లి. లేచేసరికి పాట మొదలైంది. ఇప్పుడైనా అనొచ్చు. పొట్టేలుకు నోరు లేదు, తనకుంది. జానమ్మ ఏడుస్తూ పాడుతోంది, నిర్మలమ్మగారు రెండు చేతులూ పైకెత్తి ఏడుస్తోంది, అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, ఇంత మంది సంతోషాన్ని ఒక్క మాటతో నీళ్ళపాలు చేసే నోరు ఎవరికుంటుంది? దయామణీ, దయామణీ, పైకి రా తల్లీ అని ఎవరో పిలుస్తున్నారు. ఆ దయామణి ఎవరో ఇంకా రాదేమని హనుమమ్మ కూడా ఒక క్షణం చూసింది.

చిన్నచిన్న అడుగులతో మెట్లెక్కింది. ఇన్నేళ్ళూ బొల్లిగాడి మీద పెట్టుకున్న కోపం ఎంత అన్యాయమో ఒక్కొక్క మెట్టు మీదా తెలుస్తూ వచ్చింది. అది ఒప్పుకోలేదు. ఎప్పుడూ ఒప్పుకోలేదు. క్షమించమని అడుగుదామంటే ఎముకలు కూడా లేవు. నిర్మలమ్మగారు తెల్ల తువ్వాలుతో ఎదురొచ్చింది గాని అమ్మే ముందు చేరుకుంది, గొంగడి విప్పి తల మీంచి కప్పేసింది. లోపల నాయిన వాసన, గొర్ల వాసన, తడి ఉన్ని. అమ్మ ముఖంలో పదేళ్ళుగా లేని వెలుగు ఉంది, ముందు ముందు కంకర కుప్పలు ఉండవన్న వెలుగు. దాన్ని చూసి కూడా, ఒక్కరికైనా నిజం చెప్పాలని, హనుమమ్మ గొంగడిలోంచి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నేను ఒప్పుకోలేదే అమ్మా. సలి వెట్టింది" అంది.

"అవ్ బిడ్డా, మస్తు సలి" అంది సుక్కమ్మ, గొంగడిని ఇంకాస్త దగ్గరికి లాగి, చెవి దగ్గర తడి తుడుస్తూ.